ఏ పాము ఎక్కువ ప్రమాదం? పుస్తకం లెక్క వేరు, మన పొలం లెక్క వేరు

కూరగాయల మడుల్లో వరిగడ్డి ఆచ్ఛాదన మీద చేసిన వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "గడ్డి కప్పితే పాములు చేరవా?" అని. చేరతాయండి, దాచడం ఎందుకు. గడ్డి కింద తేమ ఉంటుంది, పురుగూ పుట్రా వస్తాయి, వాటికోసం కప్పలొస్తాయి. గడ్డిలో మిగిలిన గింజలకి ఎలుకలొస్తాయి. ఆ రెండింటి వెనకే పాము. మందు కొట్టని పొలంలో ఇది మామూలే. అందుకే ఏ పాము ఎంత ప్రమాదమో మనలాంటోళ్లకి ఇంకా బాగా తెలియాలి.

ప్రపంచంలో అతి విషమైన పాము ఏదంటే ఆస్ట్రేలియాలోని ఇన్‌లాండ్ తైపాన్ అంటారు. ప్రయోగశాలలో ఎలుకల మీద విషం పరీక్షించి చెప్పిన మాట అది. కానీ ఆ పాము మనుషులు తిరగని ఎడారి ప్రాంతంలో ఉంటుంది. అది కరిచి మనిషి చనిపోయినట్టు దాఖలా లేదు. మన దేశంలోనో, 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. అంటే ఏడాదికి 58 వేలు. అంతకుముందు 2005 సంవత్సరానికి వేసిన లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 5,200 మంది. చనిపోయినవాళ్లలో నూటికి 97 మంది పల్లెలవాళ్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ, అంటే సరిగ్గా మన ఉభాల కాలం. కాబట్టి విషం ఘాటు ఒక్కటే చూస్తే లాభం లేదు. ఆ పాము మనకి ఎక్కడ, ఏ వేళ ఎదురవుతుంది, కరిస్తే మనకి తెలుస్తుందా, ఇవి చూడాలి.

ఆ లెక్కన నా వరసలో మొదటిది కట్లపాము. మన దగ్గరున్న నాలుగు ముఖ్యమైన విషసర్పాల్లో బొట్టుకి బొట్టు ఘాటైన విషం దీనిదే. నల్లటి ఒంటి మీద సన్నని తెల్లని కట్లు ఉంటాయి. పగలు పట్టుకున్నా బద్ధకంగా ఉంటుంది (పట్టుకోకండి!). రాత్రి మాత్రం ఎలుకలు, చిన్న పాముల కోసం తిరుగుతూ ఇళ్లలోకి, శాలల్లోకి వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది. వాపు ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు, కాటు గుర్తు కూడా సరిగా కనపడదు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతి అంటే గేసు అనుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆడదు. దీని విషం నరం కొసనే పాడుచేస్తుంది. అది జరిగిపోయాక విరుగుడు మందు దాన్ని బాగుచేయలేదు, నరం కోలుకునే వరకు వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంచాలి. అందుకే కళ్లం కాపలాకి వెళ్లి గడ్డి పరుచుకుని పడుకునే మన అలవాటుంటే నాకు భయం. మంచం, లేదా పరుపు కిందకి నాలుగు వైపులా దోపిన దోమతెర ఉంటే చాలు.

రెండోది రక్తపింజరి. పొలంలో మాత్రం ఇదే మొదటిది. గోధుమరంగు ఒంటి మీద గొలుసులా గుండ్రటి మచ్చలు ఉంటాయి. కొండచిలువ పిల్ల అనుకుని చేయి పెట్టినవాళ్లున్నారు. మిగతా పాములు అడుగు చప్పుడుకి తప్పుకుంటాయి, ఇది కదలదు. చుట్ట చుట్టుకుని కుక్కర్‌లా బుస కొడుతూ అక్కడే ఉంటుంది. గడ్డిలో, కోసిన పనల కింద కలిసిపోతుంది. కరిస్తే విపరీతమైన నొప్పి, వాపు, తర్వాత రక్తం గడ్డకట్టదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆసుపత్రిలో కాస్త రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

నాగుపాము మూడోది. విషం తక్కువని కాదు, పడగెత్తి ముందే చెబుతుందని. కాటు దగ్గర వాపు వచ్చి కండ కుళ్లుతుంది, ఊపిరి కూడా ఆగుతుంది. నాలుగోది చిన్న పింజరి, మెట్ట రాళ్ల నేలల్లో ఉంటుంది. పొడుగు అడుగున్నర కూడా ఉండదు, చిన్నదని చులకన చేస్తారు.

గిరినాగు సంగతి చెప్పకపోతే సీతంపేట వైపు మిత్రులు ఊరుకోరు. ప్రపంచంలో అతి పొడవైన విషసర్పం అదే, 18 అడుగుల దాకా పెరుగుతుంది. మన తూర్పు కనుమల్లో ఉంది. కానీ తినేది పాముల్నే, మనిషి జోలికి రావడం చాలా అరుదు. కనపడగానే కర్రలతో కొట్టడం దండగ, అటవీశాఖకి ఫోన్ చేయండి. అలాగే పసుపు, నలుపు పట్టీల కట్లపాము కూడా మన జిల్లాల్లో ఉంది. ఈ రెండింటి విషంతో మన దేశంలో విరుగుడు తయారు కాదు, పై నాలుగింటికే ఉంది. కాబట్టి వీటి జోలికి అసలు వెళ్లొద్దు.

విరుగుడు ఎంత పడుతుందో చూడండి. ఒక సీసా 10 మి.లీ., రక్తపింజరి విషం 6 మిల్లీగ్రాములని అణుస్తుంది. ఆ పాము ఒక కాటుకి సగటున 60 మి.గ్రా. పైచిలుకు దించుతుంది. అంటే పది సీసాలు. పిల్లలకీ అంతే మోతాదు, ఎందుకంటే పాము పిల్లోడని తగ్గించి కరవదు. ఆకుపసరు ఏ లెక్కన దీనికి సరిపోతుంది? ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా, మూలికలు వాడదాం అనే వాళ్లతో ఇక్కడ నేను ఏకీభవించను. కషాయాలు చీడకి. పాముకాటుకి సర్కారు ఆసుపత్రే, విరుగుడు అక్కడ ఉచితం. 2005 లెక్కలో చనిపోయినవాళ్లలో ఆసుపత్రిలో పోయింది నూటికి 23 మందే. మిగతావాళ్లు అక్కడిదాకా రాలేదు.

కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేయండి. విరిగిన కాలుకి కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా ఉంచండి, నడిపించొద్దు. 108కి చేయండి, లేదా బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్లండి. పాముని చంపి తేనవసరం లేదు, లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. ఏమీ లేదనిపించినా 24 గంటలు అక్కడే ఉండాలి.

ఆచ్ఛాదన మానక్కర్లేదు. మేం గడ్డి కుప్ప ఇంటికి, శాలకి దూరంగా వేస్తాం. మడిలో చేయి పెట్టే ముందు పొడుగు కర్రతో గడ్డి తిరగేస్తాం. రాత్రి మదుం తీయడానికి వెళ్తే టార్చి, మోకాలి దాకా రబ్బరు బూట్లు. ఆడవాళ్లకి కూడా బూట్లు కొన్నాం, మొదట నవ్వారు, ఇప్పుడు అడిగి వేసుకుంటున్నారు. ఉభాలు మొదలయ్యేలోపు మీ పీహెచ్‌సీకి ఒకసారి వెళ్లి "పాము మందు ఉందా, ఎన్ని సీసాలు?" అని అడగండి. లేదంటే ఏ ఆసుపత్రిలో ఉంటుందో కనుక్కుని, ఆ నంబరు శాల గోడ మీద రాసి పెట్టుకోండి.