కాలు వాచకపోతే వ్యాధి లేనట్లేనా? బోదకాలు గురించి ఒక పాఠం

ఉభయ గోదావరి, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెలలో బోదకాలును ఎరుగని వారు అరుదు. అక్కడి నుండి హూడికి వచ్చి నివసిస్తున్న వారు ఈ వ్యాధి గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. కాలు వాస్తేనే వ్యాధి అన్న నమ్మకం సరైనది కాదు.

వుచరేరియా బాంక్రాఫ్టి అనే దారం వంటి పురుగు ఈ వ్యాధికి ప్రధాన కారణం. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు దీని పిల్లపురుగులు శరీరంలో ప్రవేశిస్తాయి. ఎదిగిన పురుగులు శోషరస నాళాలలో 6 నుండి 8 ఏళ్లు జీవించి, లక్షలాది సూక్ష్మ ఫైలేరియాలను రక్తంలోకి విడుస్తాయి.

అంతకాలం మన రోగనిరోధక వ్యవస్థ ఎందుకు ఊరుకుంటుంది? సాధారణంగా టీ కణాలు పరాయి జీవిని గుర్తించి, తక్కిన రక్షక కణాలను పోరుకు పిలుస్తాయి. రక్తంలో సూక్ష్మ ఫైలేరియాలు ఉన్నవారిలో ఆ పురుగు పట్ల ఈ స్పందన మందగిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేత పదార్థం, నియంత్రక టీ కణాలు కలిసి పోరును అణచివేస్తాయి. కాపలాదారు చనిపోలేదు, దొంగ జోకొడితే నిద్రపోయాడు. అందుకే జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. లోపల నాళాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఆరోగ్యవంతునిలా కనిపించే ఆ వ్యక్తి నుండే దోమ వ్యాధిని పొరుగువారికి చేరవేస్తుంది. కాలు వాచిన వారిలోనైతే స్పందన తరచు బలంగానే ఉంటుంది. వారి రక్తంలో సూక్ష్మ ఫైలేరియాలు కనిపించకపోవచ్చు.

వ్యాధి ఉన్న జిల్లాలలో 2004 నుండి ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా డి.ఇ.సి. మాత్రలు పంచడానికి కారణం ఇదే. మాత్రలు మింగాక కొందరికి స్వల్ప జ్వరం, తలనొప్పి రావచ్చు. చనిపోతున్న పురుగులకు శరీరం స్పందించడం వల్ల తరచు అలా జరుగుతుంది, భయపడనక్కరలేదు. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు ఈ మాత్రలు వేసుకోరాదు.

మనం చేయవలసినవి:

1. సమీపంలోని నమ్మ క్లినిక్‌కు వెళ్లినప్పుడు మీ స్వస్థలం ఏదో వైద్యునికి చెప్పండి. బోదకాలు తక్కువగా కనిపించే నగరంలో ఆ ఒక్క మాట రోగ నిర్ధారణకు దారి చూపుతుంది.

2. సూక్ష్మ ఫైలేరియాలు రాత్రి 10 నుండి 2 గంటల మధ్య రక్తంలో అధికంగా తిరుగుతాయి. పగటి రక్తపూత పరీక్షలో కనిపించలేదని నిశ్చింతగా ఉండకండి.

3. వైద్యుని సలహా లేకుండా మందులు కొని వాడకండి. స్వగ్రామంలో పంపిణీ జరిగే రోజున అక్కడ ఉంటే, సిబ్బంది ఎదుటే మాత్రలు మింగండి.

4. ఇంటి చుట్టూ మురుగు నిలవనీయకండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి వల కట్టండి. దోమతెరలో నిద్రించండి.