అర్జీ పార్లమెంటుకు చేరితే

అర్జీ అంటే మనకు కొత్త కాదు. వీధి కొళాయికి నీళ్లు రాకపోతే సర్పంచికి అర్జీ ఇస్తాం. పింఛను ఆగిపోతే మండల ఆఫీసుకు అర్జీ పట్టుకుపోతాం. అక్కడా పని కాకపోతే కలెక్టరుగారి దగ్గరికి పోతాం.

కానీ కొన్ని కష్టాలు సర్పంచి తీర్చలేడు. కలెక్టరుగారూ తీర్చలేరు. ఎందుకంటే ఆ కష్టం చట్టంలోనే ఉంటుంది. చట్టాన్ని అమలు చేయడమే కలెక్టరు పని. మార్చడం ఆయన పని కాదు. దేశమంతటికీ వర్తించే చట్టాలు చేసేది ఢిల్లీలోని పార్లమెంటు.

మరి చట్టం వల్లే కష్టం వస్తే మామూలు మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

పార్లమెంటుతోనే చెప్పుకోవచ్చు. మన అర్జీలు చూడడానికి అక్కడ ఒక కమిటీ ఉంది. దాన్ని పిటిషన్ల కమిటీ అంటారు. పిటిషన్ అన్నా అర్జీ అన్నా ఒకటే. ఆ కమిటీ ఎలా పనిచేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

చట్టంలో మిగిలిపోయిన ఒక మాట

ముందు ఒక నిజంగా జరిగిన సంగతి చూద్దాం.

కుష్ఠువ్యాధి గురించి మీరు వినే ఉంటారు. ఒకప్పుడు దానికి సరైన మందు లేదు. జనం భయపడేవారు. రోగిని ఊరికి దూరంగా ఉంచేవారు. 1980ల నుంచి మన దేశంలో మంచి మందులు వచ్చాయి. ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే జబ్బు నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటుకునే ప్రమాదం పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు ఉచితంగా ఇస్తారు.

జబ్బుకు మందు వచ్చింది. కానీ చట్టంలో పాత మాట అలాగే ఉండిపోయింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం చూడండి. భార్యకు గానీ భర్తకు గానీ నయంకాని కుష్ఠు ఉంటే, రెండోవారు విడాకులు అడగవచ్చని అందులో ఉండేది. ఇలాంటి మాటలే పెళ్లిళ్లకు, మనోవర్తికి సంబంధించిన మరి కొన్ని చట్టాల్లోనూ ఉండేవి. డాక్టరు నయమవుతుందంటాడు. చట్టం మాత్రం నయం కాదన్నట్టే మాట్లాడుతుంది. ఇది ఏం న్యాయం?

ఈ బాధ పడినవారి తరఫున రాజ్యసభకు ఒక అర్జీ వెళ్లింది. కుష్ఠువ్యాధి సోకినవారిని సమాజం కలుపుకోవాలి, వారు తమ కాళ్ల మీద నిలబడేలా చేయాలి అని ఆ అర్జీ కోరింది. రాజ్యసభ పిటిషన్ల కమిటీ దాన్ని తీసుకుంది. అప్పుడు ఆ కమిటీకి అధ్యక్షులు మన నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు. 2008లో కమిటీ తన నివేదిక ఇచ్చింది. వీరిని వేరుచేసి చూసే చట్టాలు మార్చాలని అందులో చెప్పింది.

ఆ తర్వాత ఏమైందో చివర్లో చూద్దాం. ముందు అర్జీ ఏ దారిన పోతుందో తెలుసుకుందాం.

కమిటీలో ఎవరుంటారు?

పార్లమెంటులో రెండు సభలున్నాయి. ఒకటి లోక్‌సభ. రెండోది రాజ్యసభ. రెండింటికీ వేరువేరు పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. లోక్‌సభ కమిటీలో 15 మంది ఉంటారు. వారిని స్పీకరు నియమిస్తారు. రాజ్యసభ కమిటీలో 10 మంది ఉంటారు. వారిని రాజ్యసభ చైర్మన్ నియమిస్తారు. వీరంతా ఎం.పి.లే. ఒకే పార్టీవారు కాదు, వేరువేరు పార్టీల వారు.

లోక్‌సభ కమిటీలో మంత్రులు ఉండకూడదని నియమం. ఎందుకో ఆలోచించండి. మన అర్జీ చాలాసార్లు ప్రభుత్వం మీదే ఉంటుంది. ఎవరి మీద ఫిర్యాదో వారే తీర్పరి అయితే ఎలా?

ఇది ఈనాటి ఏర్పాటు కాదు. తెల్లవారి పాలనలోనే, 1924లో, ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో ఇలాంటి కమిటీ మొదలైంది.

అర్జీ ఏ దారిన పోతుంది?

అర్జీని పంపడానికి రెండు దారులున్నాయి. మన ఎం.పి. సంతకం పెట్టి సభలో ఇవ్వవచ్చు. లేదా మనమే సభ సెక్రటరీ జనరల్‌కు పంపవచ్చు. సెక్రటరీ జనరల్ అంటే సభ ఆఫీసుకు పెద్ద అధికారి.

అర్జీ నియమాల ప్రకారం ఉందా లేదా అని మొదట చూస్తారు. ఉంటే కమిటీ ముందుకు వస్తుంది. అప్పుడు కమిటీ ఆ శాఖను అడుగుతుంది. "ఈ అర్జీలో ఇలా ఉంది. దీనికి మీరేమంటారు?" అని. శాఖ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

ఆ జవాబు చూసి కమిటీ ఊరుకోదు. అర్జీ పెట్టినవారిని పిలిచి వారి మాట వినవచ్చు. శాఖ పెద్ద అధికారులను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయవచ్చు. అవసరమైతే ఆ చోటికే వెళ్లి చూడవచ్చు. మన ఊళ్లో మనం ఆఫీసరు గది బయట నిలబడి ఎదురుచూస్తాం. అక్కడ ఆఫీసరే కమిటీ ముందు జవాబు చెప్పాలి. అర్జీకి ఉన్న బలం అదే.

అన్నీ విన్నాక కమిటీ నివేదిక రాసి సభకు ఇస్తుంది. ఈ కష్టం తీరడానికి ఏం చేయాలో చెబుతుంది. ఇలాంటిది మళ్లీ జరగకుండా ఏం చేయాలో కూడా చెప్పవచ్చు. తర్వాత ప్రభుత్వం ఏం చేసిందో మళ్లీ అడుగుతుంది.

అర్జీ ఎలా రాయాలి?

పార్లమెంటుకు పెట్టే అర్జీకి కొన్ని నియమాలున్నాయి.

1. మాట మర్యాదగా ఉండాలి. కోపం ఉండవచ్చు. తిట్లు ఉండకూడదు.

2. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగులో రాయకూడదా? రాయవచ్చు. కానీ దానితోపాటు హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. దాని మీద కూడా సంతకం పెట్టాలి.

3. చివర్లో మనకు ఏం కావాలో స్పష్టంగా రాయాలి. "మా కష్టం తీర్చండి" అంటే చాలదు. "ఫలానా చట్టంలో ఫలానా మాట తీసేయండి" అని రాయాలి.

4. సంతకం చేసిన ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా ఉండాలి. పేరులేని ఆకాశరామన్న ఉత్తరాలు పనికిరావు.

5. అర్జీకి వేరే ఉత్తరాలు, పత్రాలు జతచేయకూడదు. చెప్పవలసిందంతా అర్జీలోనే చెప్పాలి.

6. చదువురానివారు వేలిముద్ర వేయవచ్చు. పార్లమెంటు నియమాల్లోనే ఈ మాట ఉంది. చదువురాదని ఎవరి అర్జీనీ తోసేయకూడదు.

ఇంకొక నియమం ఉంది. అది చాలా ముఖ్యం. సంతకాలు ఎక్కువై రెండో కాగితం, మూడో కాగితం తీసుకుంటే, ప్రతి కాగితం పైనా అర్జీలో కోరినదేమిటో మళ్లీ రాయాలి. తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించి వెనక తగిలించడం కుదరదు.

ఇది ఢిల్లీ సంగతే కాదు. మన ఊళ్లోనూ పనికొస్తుంది. ఎవరో ఒక కాగితం తెచ్చి ఇలా అన్నారనుకోండి:

"అవ్వా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి. అందరూ వేశారు."

"ఏముంది నాయనా దీంట్లో? పైన ఏమీ రాసిలేదే!"

"తర్వాత రాస్తాంలే అవ్వా."

"అయితే రాసినాకే తీసుకురా. చదువుకుని సంతకం పెడతా. ఇప్పుడు నాకు నాలుగు అక్షరాలు వచ్చుగా!"

అవ్వ మాట సరైన మాట. పైన ఏముందో చదివాకే కింద సంతకం పెట్టాలి.

ఏ కష్టానికి ఏ తలుపు?

అన్ని కష్టాలూ పార్లమెంటుకు పంపితే లాభం లేదు. తలుపు తెలిసి తట్టాలి.

వీధి దీపం, మురికి కాలవ - పంచాయతీకి.

రేషను కార్డు, పట్టా, పింఛను - మండల ఆఫీసుకు, కలెక్టరుకు.

రాష్ట్రం చేసిన చట్టం - శాసనసభకు. శాసనసభ నియమాల్లోనూ పిటిషన్ల కమిటీ ఉంది.

దేశమంతటి చట్టం, కేంద్ర ప్రభుత్వ శాఖ - పార్లమెంటుకు.

కోర్టు చూడవలసిన తగవును ఈ కమిటీ తీసుకోదు. చట్టంలోనే వేరే దారి ఉంటే ముందు ఆ దారినే పొమ్మంటుంది. అర్జీ ఒక్కరి సొంత పని గురించి కాక నలుగురికీ సంబంధించిన సంగతైతే బాగా నిలబడుతుంది.

తెలుగులో రాస్తే ఆఫీసుల్లో తీసుకుంటారా అని కొందరికి అనుమానం. మన రాజ్యాంగం 350వ అధికరణం ఏం చెబుతుందో చూడండి. ఎవరైనా సరే తన కష్టం గురించి ప్రభుత్వ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. మన ఆఫీసుల్లో తెలుగు అర్జీని కాదనే హక్కు ఎవరికీ లేదు.

కమిటీ చేయలేనిది ఏమిటి?

ఇప్పుడు మళ్లీ కుష్ఠువ్యాధి అర్జీ దగ్గరికి వద్దాం. కమిటీ 2008లో నివేదిక ఇచ్చింది. వెంటనే చట్టం మారిందా? లేదు. పిటిషన్ల కమిటీ సలహా మాత్రమే ఇవ్వగలదు. చట్టాన్ని తానే మార్చలేదు. ప్రభుత్వాన్ని మెడపట్టి చేయించలేదు.

కానీ ఆ మాట కాగితం మీద నిలిచింది. 2015లో లా కమిషన్ కూడా ఈ చట్టాలు మార్చాలని చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా కుష్ఠువ్యాధి సోకినవారిపై వివక్ష పోవాలని ఆదేశాలిచ్చింది. చివరకు 2019 జనవరిలో లోక్‌సభ, ఫిబ్రవరిలో రాజ్యసభ ఒక సవరణ బిల్లును ఆమోదించాయి. అయిదు చట్టాల్లో కుష్ఠు పేరుతో ఉన్న ఆ మాటలు పోయాయి. నాలుగు చట్టాల్లో అది విడాకులకు కారణంగా ఉండేది. ఇప్పుడు కుష్ఠు వచ్చిందనే కారణంతో ఆ చట్టాల కింద ఎవరూ విడాకులు అడగలేరు. 2008లో కమిటీ అధ్యక్షులుగా ఉన్న వెంకయ్యనాయుడే 2019 నాటికి ఉపరాష్ట్రపతిగా, రాజ్యసభ చైర్మన్‌గా ఉన్నారు.

నివేదిక నుంచి చట్టం దాకా పదకొండేళ్లు పట్టింది. ఒక్క అర్జీతోనే ఇదంతా జరగలేదు. కోర్టుకు వెళ్లినవారున్నారు. ఊరూరా తిరిగి చెప్పినవారున్నారు. కానీ అర్జీ లేకపోతే 2008లో ఎం.పి.లు కూర్చుని ఈ సంగతి విచారించేవారు కాదు.

అర్జీ విత్తనం లాంటిది. వేసిన రోజే పంట రాదు. వేయకపోతే ఎప్పటికీ రాదు. వేసి వదిలేసినా రాదు. అర్జీ నకలు దాచుకోవాలి. ఏ తేదీన ఇచ్చామో రాసుకోవాలి. మళ్లీ మళ్లీ అడగాలి. ఈ మూడు పనులకూ చదువు కావాలి. ఆ చదువు ఇప్పుడు మన చేతిలో ఉంది.

కొత్త మాటలు

అర్జీదారు: అర్జీ పెట్టుకున్న మనిషి
నివేదిక: విచారించి తేల్చిన సంగతులు రాసిన కాగితం
సవరణ: ఉన్నదాన్ని కొంత మార్చడం
మనోవర్తి: భార్య బతకడానికి భర్త ఇవ్వవలసిన సొమ్ము
వివక్ష: కొందరిని తక్కువగా, వేరుగా చూడడం
నకలు: కాపీ

మాట్లాడుకోండి

1. మన ఊళ్లో ఎవరికైనా జబ్బు వచ్చిందని దూరంగా ఉంచుతున్నామా? అది న్యాయమేనా?
2. లోక్‌సభ పిటిషన్ల కమిటీలో మంత్రులు ఎందుకు ఉండకూడదు?
3. తెల్లకాగితం మీద వేలిముద్ర వేస్తే ఏ ప్రమాదాలు రావచ్చు? మీకు తెలిసినవి చెప్పండి.

రాయండి

మన ఊరి వారందరికీ ఉన్న ఒక కష్టం అనుకోండి. అది ఏ తలుపు తట్టవలసిన కష్టమో తేల్చుకోండి. నలుగురూ కలిసి పది వాక్యాల్లో అర్జీ రాయండి. చివరి వాక్యంలో ఏం కావాలో స్పష్టంగా రాయండి. ఒకరు పైకి చదవండి. అందరూ విన్నాకే సంతకాలు పెట్టండి.