నాయకుని మనోధైర్యము: బసవేశ్వరుడు చూపిన మార్గము



మఠమునకుగాని, సంఘమునకుగాని, పెద్ద కుటుంబమునకుగాని బాధ్యత వహించినవానికి పొగడ్తకంటె ముందు నింద వచ్చును. ఆ నిందను మోయలేక కొందరు కోపిష్ఠులగుదురు. కొందరు బాధ్యతనే విడిచిపెట్టుదురు. ఈ రెంటికిని లోనుగాక నిలుచుట యెట్లు? బసవేశ్వరుని జీవితమే ఇందుకు పాఠము.

12వ శతాబ్దమున కల్యాణపురమందు బిజ్జలుని కొలువులో ఆయన భాండాగారాధికారి. ఒకవంక రాజకార్యము, మరొకవంక జంగమ దాసోహము. రాజధనమును జంగములకు వ్యయపరచుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడీలు చెప్పిరి. బసవేశ్వరుడు ధనము లెక్కింపజేయగా లెక్క సరిపోయెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. అది శివుని మహిమయని భక్తుల విశ్వాసము. అందు మనకొక నీతియు గలదు: లెక్కలు తెరచి చూపగలవానికి నిందవలన నిద్ర చెడదు.

రెండవది ఇష్టలింగపూజ. ఎడమ అరచేత లింగమును నిలిపి, దృష్టిని దానియందే లగ్నము చేసినప్పుడు చెదరిన మనస్సు ఒకచోటికి చేరును. పని ఎక్కువైన దినమున మనము పూజను కుదించెదము. నిజమునకు ఆ దినముననే అది మిక్కిలి అవసరము. కోపము పుట్టించిన మాటకు పూజానంతరము బదులు చెప్పుట మేలు.

మూడవది భారమును పంచుకొనుట. అనుభవమంటపమున శూన్యసింహాసనమును అధిష్ఠించినవాడు అల్లమప్రభువు, బసవేశ్వరుడు కాదు. తన తప్పును చెప్పగల పెద్ద దాపున నున్న నాయకుడు ఒంటరివాడు కాడు.

కడపటి పరీక్ష కఠినమైనది. హరళయ్య, మధువరసుల కుటుంబముల నడుమ జరిగిన వివాహము వర్ణధర్మ విరుద్ధమని రాజు వారిని క్రూరముగా శిక్షించెనని సంప్రదాయము చెప్పుచున్నది. అంతట బసవేశ్వరుడు కల్యాణమును వీడి, కృష్ణా మలప్రభానదులు కలియు కూడలసంగమమునకు వెడలెను. ఆయనకు దుఃఖము లేదని ఎవరనగలరు? అయినను పదవికొరకు సమతా ధర్మమును విడువలేదు. ధర్మముకొరకు పదవినే విడిచెను. పదవియే తానని తలచువాడు అది పోయిననాడు కూలిపోవును. శివుడప్పగించిన కాయకమని తలచువాడు దానిని దించియు నిలువగలడు.

కావున సంఘ పెద్దలు లెక్కలను సభలో చదివి వినిపింపవలెను, నిత్యపూజను తప్పింపరాదు, తమను మందలింపగల ఒక పెద్దను ఎన్నుకొనవలెను. మనవంతు కర్తవ్యమును గలదు. మన పెద్ద అలసినట్లు తోచిన, తప్పులెన్నుటకు ముందు ఆయన భారములో కొంత మన భుజమున నెత్తుకొందము. అదియును దాసోహమే.

శరణు శరణార్థి.