అసలు ఖాతా, దొంగ మాట



బిట్‌కాయిన్ గివ్‌అవే లింకు పంపి, "అకౌంటుకు టిక్కు ఉంది, అసలుదే కదా మావయ్యా?" అని అడిగావు. అకౌంటు అసలుదే అయినా మోసం జరగొచ్చు. 2020 జులై 15న అదే జరిగింది.

ఆ రోజు ట్విట్టర్‌లో ఒబామా, బిల్ గేట్స్, ఇలాన్ మస్క్, చివరికి యాపిల్ కంపెనీ కూడా ఒకటే పాట. బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి తిరిగిస్తాం. కొన్నింట్లో అరగంటే గడువు. ఒక్కటీ నకిలీ ఖాతా కాదు. దొంగలు ట్విట్టర్ ఉద్యోగులకు ఫోన్లు చేసి, మాయమాటలతో లాగిన్ వివరాలు రాబట్టి, కంపెనీ లోపలి టూల్స్‌నే చేజిక్కించుకున్నారు. కొన్ని గంటల్లోనే లక్ష డాలర్లకు పైగా వచ్చిపడింది. సూత్రధారిగా ఫ్లోరిడాలో దొరికినవాడికి 17 ఏళ్లు!

మన దగ్గరా తక్కువేం కాదు. 2021 డిసెంబర్ 12 తెల్లవారుజామున ప్రధాని మోదీ ఖాతాలో, ప్రభుత్వం 500 బిట్‌కాయిన్లు కొని జనానికి పంచుతోందని ట్వీట్ వచ్చింది. కాసేపట్లో తీసేశారు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు యూట్యూబ్ చానల్‌నే హ్యాక్ చేసి రిపుల్ క్రిప్టో వీడియో పెట్టారు. ఇక టిక్కు ఏపాటి?

అందుకే ఖాతా ఎవరిదన్నది కాదు, డబ్బు ఎటు పోతోందన్నది చూడాలి. ఊరికే పంచేవాడు ముందు మన దగ్గర పుచ్చుకోడు. "అడ్రస్ వెరిఫై చేయడానికి కొంచెం పంపండి" అన్నా అదే బాపతు. లైవ్ అంటూ మస్క్ మాట్లాడే వీడియో చాలాసార్లు పాత ఇంటర్వ్యూనే, పక్కన క్యూఆర్ కోడ్ అతికిస్తారు. ఈమధ్య ఏఐతో గొంతు, ముఖం కూడా తయారుచేస్తున్నారు. కింద "నాకు వచ్చేశాయి, థాంక్యూ" అని మురిసిపోయేవాళ్లు చాలావరకు ఆ ముఠా మనుషులే. వ్యాలెట్ రికవరీ పదాలు, 12 అయినా 24 అయినా, ఎవరడిగినా చెప్పకూడదు. అవి తెలిసినవాడు వ్యాలెట్ మొత్తం ఊడ్చేస్తాడు.

బిట్‌కాయిన్ ఒకసారి వెళ్లి కన్ఫర్మ్ అయితే వెనక్కి రప్పించే మీట లేదు. బతిమాలుకోవడానికి బ్యాంకు మేనేజరూ ఉండడు. నీ స్నేహితుడు ఇప్పటికే పంపేశాడన్నావు కాబట్టి చెబుతున్నా: వెంటనే 1930కి ఫోన్ చేయమను, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ట్రాన్సాక్షన్ ఐడీ, స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు పెట్టమను. కొంత ఫీజు ఇస్తే పోయినదంతా తిరిగి తెప్పిస్తామంటూ ఎవరో ఒకరు అతన్ని పలకరిస్తారు. వాళ్లకు పైసా ఇవ్వొద్దని ఈ రాత్రికే చెప్పు.

మీ మావయ్య