పల్లేరు: ఎడారి పువ్వు, ఇంటి మందు

వానలు పడిన కొన్ని వారాలకే ఇసుక నేలలలోను, బీళ్లలోను, బాటల పక్కన నేలను కరచుకొని పాకే పసుపుపచ్చని చిన్న పువ్వుల మొక్కను పాఠకులు చూచియే ఉంటారు. పువ్వును బట్టి పేరు చెప్పలేనివారు సైతం, కాయ పాదాన గ్రుచ్చుకొనగానే ‘పల్లేరు’ అని చెప్పగలరు. రాజస్థానపు థార్ ఎడారి మొదలు మన అనంతపురం ఎర్రనేలల వరకు ఇది సహజముగా పెరుగుతుంది. ఈ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు వాడుకలో ఉన్నందున, మందుగా గ్రహించేముందు దీని కుటుంబ నిర్ణయము తెలిసికొనుట అవసరము.

పేర్లలోని అర్థము

సంస్కృతమున దీనికి గోక్షురము, శ్వదంష్ట్ర, త్రికంటకము అనే పేర్లు కలవు. ఆవు గిట్టకు గ్రుచ్చుకొనునది, కుక్కకోర వంటిది, మూడు ముండ్లు గలది అని వాటి భావము. 1753లో లిన్నేయస్ దీనికి ట్రిబ్యులస్ టెర్రెస్ట్రిస్ అనే శాస్త్రీయ నామము నిచ్చెను. గుర్రముల గిట్టలకు గ్రుచ్చుకొనునట్లు యుద్ధభూమిలో చల్లే ఇనుప ముండ్లకు గల ప్రాచీన నామమే ట్రిబ్యులస్. రెండు దేశాల పెద్దలు ఒకే కాయను చూచి ఒకే విధముగా పేరు పెట్టిరన్నమాట.

కుటుంబ నిర్ణయము

పల్లేరు జైగోఫిల్లేసీ కుటుంబమునకు చెందినది. ‘జైగో’ అనే గ్రీకు మాటకు కాడి, జంట అని అర్థము. మన ‘యుగ్మ’ శబ్దమునకు అది చుట్టమే. కణుపు వద్ద రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆ జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ప్రతి ఆకులోను చింతాకు వలె చిన్న పత్రకములు జతలు జతలుగా ఉంటాయి. పువ్వుకు విడివిడిగా ఐదు రేకులు, లోపల పది కేసరములు ఉంటాయి. కాయ పండి ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్కకు రెండు పెద్ద ముండ్లు, రెండు చిన్న ముండ్లు ఉంటాయి.

ఎడారికి తగిన మొక్కలు ఈ కుటుంబములో మెండు. మన గ్రంథములలోని ధన్వయాసముగా వాడే ఫాగోనియా ఈ కుటుంబములోనిదే. ‘ధన్వ’ మనగా ఎడారి. అమెరికా ఎడారులలోని క్రియోసోట్ పొద కూడా దీని బంధువే. 2009లో వృక్షశాస్త్రజ్ఞులు జన్యు పరిశీలనల ఆధారముగా ఈ కుటుంబమును జైగోఫిల్లేలీస్ అనే ప్రత్యేక క్రమములో చేర్చిరి.

ఆయుర్వేద వర్గీకరణము వేరు. భావప్రకాశము దీనిని గుడూచ్యాది వర్గములో చెప్పినది. ముయ్యాకుపొన్న, కోలపొన్న, ములక, వాకుడు, పల్లేరు కలిసి లఘు పంచమూలము. వృక్షశాస్త్రము ప్రకారము మొదటి రెండు చిక్కుడు కుటుంబమువి, తరువాతి రెండు వంగ కుటుంబమువి, పల్లేరు మరొక కుటుంబముది. పువ్వును బట్టి చేసిన విభజన మొక్కను గుర్తించుటకు, గుణమును బట్టి చేసిన విభజన మందును వాడుటకు ఉపకరిస్తాయి. ఒకదానికొకటి విరోధము కాదు.

ఏనుగు పల్లేరుతో పొరపాటు

పెద్ద పల్లేరు, ఏనుగు పల్లేరు అని పిలిచే మొక్క పెడాలియం మ్యూరెక్స్. అది నువ్వుల కుటుంబమునకు చెందినది. దాని ఆకు విడి ఆకు, దళసరి, అంచు గంట్లు గలది. పువ్వు గొట్టము వలె ఉండి, నాలుగు కేసరములు మాత్రమే కలది. కాయ నాలుగు పలకలుగా ఉండి, ముక్కలుగా విడిపోదు. పచ్చి కొమ్మను నీటిలో త్రిప్పితే నీరు జిగురుగా మారుతుంది. అదియును ఔషధమే, కాని పల్లేరుకు మారుపేరు కాదు. అంగడిలో ఎండిన కాయలను కొనునప్పుడు ఐదు ముక్కలుగా విడివడు గుణమును చూచుకొనవలెను. పొడి రూపములో కొంటే ఈ పరీక్షకు వీలులేదు.

గుణములు, వాడుక

పల్లేరు మధుర రసము, శీత వీర్యము గలది. వాతమును, పిత్తమును శమింపజేస్తుంది. చరకుడు దీనిని మూత్రమును జారీ చేయు పది ద్రవ్యములలో లెక్కించెను. ఎండ వేడికి మూత్రము మంటగా, కొద్దికొద్దిగా వచ్చునప్పుడు, కాయలను కచ్చాపచ్చాగా దంచి 10 గ్రాములు తీసికొని, 160 మిల్లీలీటర్ల నీటిలో వేసి సన్నని సెగపై 40 మిల్లీలీటర్లు మిగులునట్లు కాచి వడపోయవలెను. పెద్దవారు రోజుకొకసారి చొప్పున రెండు మూడు రోజులు సేవింపవచ్చును. తగినంత మంచినీరు త్రాగుట మరువరాదు.

జాగ్రత్తలు

మూత్రములో రక్తము కనిపించినా, చలిజ్వరము వచ్చినా, నడుము పక్కన తీవ్రమైన పోటు పుట్టినా, మూత్రము బంధించినా ఇంటి మందుతో కాలయాపన చేయక ఆనాడే వైద్యునివద్దకు వెళ్లవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండ వ్యాధి గలవారు, మధుమేహమునకు గాని రక్తపోటుకు గాని మాత్రలు వాడేవారు వైద్యుని అడుగకుండ దీనిని సేవింపరాదు. పసిపిల్లలకు స్వయముగా ఇవ్వరాదు.

కండలు పెరుగునని, పురుష హార్మోను హెచ్చునని ఈ మొక్క సారమును డబ్బాలలో అమ్ముతున్నారు. ఆరోగ్యవంతులైన యువకులపై జరిపిన పరీక్షలలో ఆ హార్మోను పెరుగుదల కనబడలేదు. అట్టి సారములు తీసికొన్న కొందరికి కాలేయము, మూత్రపిండములు దెబ్బతిన్నట్లు వైద్య పత్రికలలో నమోదైనది. కషాయమునకు చెప్పిన ప్రమాణము ఆ గాఢమైన సారములకు వర్తించదు. వ్యాయామశాలకు వెళ్లే కుమారులున్న తల్లిదండ్రులు ఈ విషయమును గమనింపవలెను.

రాబోవు వానకాలములో పల్లేరు పూచినపుడు పిల్లలచేత రేకులను, కేసరములను లెక్కింపజేయండి. ఐదు, పది అని తేలితే అది చిన్న పల్లేరు. ఈ లెక్క వచ్చినవారిని అంగడివాడు గాని, డబ్బాపై బొమ్మ గాని తేలికగా మోసగించలేవు.