అమ్మమ్మ బీరువా అమ్మేసే ముందు ఒక్క మాట

చెల్లెళ్లూ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఈ మధ్య ఎవరింటికి గృహప్రవేశానికి వెళ్లినా ఒక మాట వినబడుతోంది. "మా హాలు ఫ్రెంచ్ కంట్రీ స్టైల్లో చేయించాం వదినా" అంటున్నారు. లేత రంగు అల్మారా, వంపు కాళ్ల బల్ల, పూల గుడ్డ వేసిన కుర్చీలు. చూడముచ్చటగానే ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ అదే కుటుంబం గడ్డిఅన్నారంలోనో సరూర్‌నగర్‌లోనో పాత ఇల్లు బిల్డర్‌కిస్తూ, అమ్మమ్మ టేకు బీరువాని పాత సామాన్లవాడు ఎంతిస్తే అంతకి వదిలించుకుంటుంటే మాత్రం నా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ ముచ్చట.

అసలు ఆ స్టైల్ ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే బీరువా విలువ మనకే తెలుస్తుంది. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌కి ముందు స్టేషన్ మూసారాంబాగ్ కదా! ఆ పేట పేరు రేమండ్ అనే ఫ్రెంచి సేనాని మీదుగా వచ్చిందే. 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీలో పుట్టి, నిజాం అలీ ఖాన్ కొలువులో సేనలు నడిపి, 1798 మార్చి 25న కన్నుమూశాడు. ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఆయన పుట్టేనాటికి ఫ్రాన్స్‌ని ఏలుతున్నది పదిహేనో లూయీ. మనవాళ్లు ఇప్పుడు మోజుపడుతున్న ఆ వంపు కాళ్లు ఆ రాజు కాలం ఫ్యాషనే.

ఫ్రాన్స్ రాజధానిలో ఆ వంపులకి బంగారు పూత, పైన ఖరీదైన చెక్క తాపడం ఉండేవి. అలాంటి దర్జా చూడాలంటే మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి సామాను ఉంది, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి. పల్లెల్లో వడ్రంగులు మాత్రం వంపు నేర్చుకుని బంగారం వదిలేశారు. చుట్టుపక్కల దొరికే కర్రతో, నార్మండీలో ఓక్‌తో, ప్రొవాన్స్‌లో అక్రోటు కర్రతో, తరాలు నిలిచేలా చేశారు. కుర్చీలకి జమ్ము అల్లారు. రొట్టెలు దాచుకోవడానికి ఊచల పెట్టె చేసి గోడకి తగిలించారు. నార్మండీలో ఆడపిల్ల పెళ్లికి పెద్ద అల్మారా చేయించి, తలుపుల మీద పావురాల జంటనో పూలబుట్టనో చెక్కించి, దుప్పట్లూ తువ్వాళ్లూ నింపి అత్తారింటికి పంపేవారు. మన సారెలో బీరువా, మంచం వెళ్లినట్టే! ఆ అల్మారాలు తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి వచ్చాయి కాబట్టే ఇవాళ వాటికి అంత ధర. నూరేళ్లు దాటితే యాంటిక్, అంతకు తక్కువైతే వింటేజ్ అంటుంది వ్యాపారం.

ఇక ఆ కుర్చీల మీది పూల గుడ్డ సంగతి చెబితే గర్వపడతారు. ఫ్రెంచి కంపెనీ 1669లోనే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. ఈ తీరంలో అద్దిన, రాసిన నూలు గుడ్డలు ఓడలెక్కి ఫ్రాన్స్‌కి చేరాయి. ఉతికినా రంగు పోని గుడ్డ వాళ్లకి కొత్త. జనం ఎంతగా ఎగబడ్డారంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో అప్పటి ఫ్రాన్స్ రాజు వాటిని నిషేధించాడు. ఆ నిషేధం 1759 దాకా సాగింది. అది ఎత్తేసిన మరుసటి ఏడే జూయీ అనే ఊళ్లో పెద్ద అద్దకం కార్ఖానా వెలిసింది. ఇవాళ ప్రొవాన్స్ ప్రింటు అని మురిసే ఆ చిన్న పూలకీ తీగలకీ మూలం మన దేశపు అద్దకమే. మరి హాలులోకి దిగుమతి గుడ్డ ఎందుకు? పెడన కలంకారీ కొని కుషన్లు కుట్టించండి.

పాలిష్ సంగతీ అంతే. ఫ్రెంచ్ పాలిష్ అంటే లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దడం. ఆ లక్క మన అడవుల్లో చెట్లకి పట్టే పురుగు ఇచ్చేదే. చేయి తిరిగిన పాత వడ్రంగిని అడిగితే చేసిపెడతాడు.

ఇంట్లో పాత సామాను ఉందా? ముందు సొరుగు బయటికి లాగి, మూలల్లో చూడండి. చెక్కల పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి, ఆ పళ్లు కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటే అది చేతి పనే. వెనక పలక మీద, అడుగున చిత్రిక గుర్తులు తడిమితే తగులుతాయి. బరువుంటుంది. సన్నని పొడి రాలుతుంటే పురుగు తొలుస్తోందని అర్థం, మందు పట్టించాకే మిగతా పని. కాలు ఊగితే మేకు కొట్టించకండి, చెక్క చీలుతుంది. అతుకు విప్పించి, మళ్లీ జిగురు పెట్టి బిగించమనండి. తెల్లరంగు మోజు ఉంటే కొత్త చౌక చెక్కకి వేసుకోండి. టేకు మీద పెయింటు పూస్తే ఏళ్లుగా తేలిన ఆ తేనెరంగు మళ్లీ రావడం కష్టం. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాలనుకుంటే, నూరేళ్లు దాటిన పురావస్తువుల ఎగుమతికి 1972 చట్టం అడ్డు. ముందే పురావస్తు శాఖని అడగండి.

కొనాలనుకునేవాళ్లకి గురువారం జుమేరాత్ బజార్ ఉంది. పొద్దున్నే వెళ్లండి, వెంట వడ్రంగిని తీసుకెళ్లండి. "ఫ్రెంచి యాంటిక్" అనగానే నమ్మేయకండి, సొరుగు లాగి చూశాకే బేరం.

ఫ్లాట్ చిన్నది, ఎక్కడ పెట్టాలి అంటారు. హాలులో ఒకే ఒక్క పాత సామాను చాలు. భోషాణం ముందు రెండు కుర్చీలేస్తే టీ బల్ల అవుతుంది, బీరువాలో పుస్తకాలు సర్దుకోవచ్చు. చెక్కపొడిని అదిమి చేసిన అల్మారా మన వానాకాలపు చెమ్మకి ఉబ్బిపోతుంది, మరమ్మతుకీ లొంగదు. టేకు బీరువా మీ మనవరాలి పెళ్లిదాకా నిలుస్తుంది. కాబట్టి తల్లులూ, పాత ఇల్లు ఖాళీ చేసే రోజు పాత సామాన్లవాడికన్నా ముందు వడ్రంగిని పిలవండి.