అన్నాలయ్యాక ఒక కథ

“మావాడు ఒక్కచోట కూర్చోడండీ. పుస్తకం చూస్తే పారిపోతాడు.” మగపిల్లలున్న ఏ ఇంటికెళ్లినా తల్లి నోట ఈ మాటే వింటాను. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంటుంది, మగపిల్లాడంటే అట్లాగే ఉండాలన్నట్టు. నేను అడిగేది ఒక్కటే. వాడి పక్కన మీరెప్పుడు కూర్చున్నారు? ఫోన్ అవతల పెట్టి, హోంవర్క్ ఊసెత్తకుండా, వాడికో కథ చదివి ఎన్నాళ్లయింది? ఆడపిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేస్తూ కబుర్లు చెబుతాం. మగపిల్లాడికి ఐదేళ్లు రాగానే బ్యాటు చేతికిచ్చి గల్లీలోకి పంపేస్తాం. పదిహేనేళ్లొచ్చాక వాడు మనతో మాట్లాడటం లేదని కుమిలిపోతాం.

పీసా అని 15 ఏళ్ల పిల్లలకు ఎన్నో దేశాల్లో పెట్టే పరీక్ష ఉంది. చదివి అర్థం చేసుకోవడంలో దాదాపు ప్రతి దేశంలోనూ మగపిల్లలు ఆడపిల్లల కంటే వెనకే. మన దగ్గర అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చూస్తే, ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే 2014లోనే చెప్పింది, బిడ్డ పుట్టినప్పటి నుంచీ పైకి చదివి వినిపించండని. లెక్కలు ఇంతటితో ఆపుతాను. నేను చెప్పదలచుకున్నది మా ఇంట్లో జరిగేది.

ఇద్దరు కొడుకులు నాకు. పెద్దోడు నాలుగో తరగతి, చిన్నోడు ఒకటి. ఇబ్రహీంపట్నంలో ఉంటాం. సాగర్ రోడ్డు మీద ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. మా ఆయనకు ఆదిభట్లలో షిఫ్టు డ్యూటీ. సాయంత్రం ఇల్లు చేరేసరికి నాలో ఓపిక ఉండదు, కోపం మాత్రం నిండా ఉంటుంది. అది దాచుకుంటే ఈ వ్యాసం రాసి లాభం లేదు. పుస్తకాలున్న ఇంట్లో పెరిగినదాన్ని కూడా కాదు. బడిలో పాఠం పైకి చదవమంటే కాళ్లు వణికేవి. ఒత్తు తప్పితే క్లాసంతా నవ్వేది. ఆ వణుకు పెళ్లయినా, ఉద్యోగమొచ్చినా పోలేదు. ఇప్పటికీ మీటింగులో కాగితం చూసి చదవాలంటే గొంతు తడారిపోతుంది. నా పిల్లల ముందు మాత్రం తడారదు. పుస్తకం తెరిస్తే ఆ పావుగంట నేను వేరే మనిషిని.

మా ఇంటి అలవాటు చాలా చిన్నది. రాత్రి అన్నాలయ్యాక, పక్కలు పరిచాక, ఒక కథ పైకి చదువుతాను. పొడుగు పుస్తకమైతే ఒక అధ్యాయం. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. పండగైనా, చుట్టాలొచ్చినా, మర్నాడు పరీక్షున్నా ఆగదు. పరీక్ష ముందు రాత్రి కథ మానేసే తల్లులుంటారు. ఆ రోజే అది ఎక్కువ అవసరం తల్లీ. భయంతో పడుకున్నవాడి కంటే కథ విని పడుకున్నవాడు బాగా లేస్తాడు.

చదివేటప్పుడు పిల్లలు కదలకుండా కూర్చోవాలని పట్టు పట్టొద్దు. మా చిన్నోడు వింటూ దిండ్ల మీద దొర్లుతాడు, కారు బొమ్మ నడుపుతాడు. ఒకరోజు “నువ్వు వినడం లేదు గదా, ఆపేస్తా” అన్నాను. “ఇంటున్ననమ్మా, నక్క బాయిల పడ్డది, ఇంక సదువు” అన్నాడు బొమ్మ వదలకుండానే. మగపిల్లల చెవి ఒళ్లు కదులుతున్నా పని చేస్తుంది. దాన్ని నమ్మండి.

పుస్తకంలో భాష మన ఇంటి భాష కాకపోతే జంకొద్దు. “అతడు మిక్కిలి విచారించెను” అని ఉంటే నేను “ఆయనకు మస్తు బాధైంది” అని చదువుతాను. ఆ తర్వాత అసలు వాక్యం కూడా ఒకసారి చదువుతాను. రెండూ చెవిలో పడతాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు కథలెందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: దెబ్బ తగిలితే వాళ్లు ఏ భాషలో ఏడుస్తున్నారో చూడండి. ఆ భాషలో కథ వినకపోతే ఏడుపు గురించి మాట్లాడటానికి వాళ్ల దగ్గర మాటలుండవు.

భాష చెవిన పడే వస్తుందనడానికి మా ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా సంగతి పిల్లలకు చెబుతుంటాను. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం పారిపోయి, అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కాక తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆ తెలుగు ఆయనకు మార్కుల కోసం రాలేదు. రామరాయల కొలువులో చెవిన పడీ పడీ వచ్చి ఉంటుందని నా నమ్మకం. మా ఊరి పెద్దచెరువు కట్ట మీదికి వెళ్లినప్పుడల్లా మా పెద్దోడు “గీ చెరువు రాజు గూడ ఇనే నేర్సుకున్నడు గదమ్మా” అంటాడు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. కథ అయ్యాక ప్రశ్నలడగొద్దు. “నీతేంటి? ఏం నేర్చుకున్నావ్?” అని అడిగారా, మరుసటి రాత్రి నుంచి అది ట్యూషన్. చందమామలో బేతాళ కథ చదివిన రాత్రి మాత్రం చూడాలి మా ఇంటి సందడి. బేతాళుడు చివర్లో ప్రశ్న వేయగానే ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఒకడు రాజుదే తప్పంటాడు, ఇంకొకడు కాదు మంత్రిదంటాడు. మా అత్తమ్మ మధ్యలో “ఆళ్లిద్దరు గాదు, ఆ పిల్లనడిగిండ్రా ఎవరన్న?” అంటుంది. ఆమెకు అక్షరం రాదు. రోజూ మంచం మీద నుంచి వింటుంది. ఆ ముగ్గురి వాదన కోసమే 1947 జులైలో చందమామ మొదలైందేమో అనిపిస్తుంది నాకు. పత్రిక ఆగిపోయి ఏళ్లయింది గానీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సంచికలు వెతుక్కోవచ్చు.

పెద్దోడు సొంతంగా చదవడం మొదలుపెట్టాక చుట్టాలన్నారు, “ఇంకెందుకమ్మా నీకు ఈ కష్టం, వాడే చదువుకుంటడు గదా” అని. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపకండి. జిమ్ ట్రెలీస్ అనే ఒక అమెరికన్ తండ్రి తన పిల్లలకు చదివి వినిపించిన అనుభవంతో దీని మీదే పుస్తకం రాశాడు. పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగే దానికంటే విని అర్థం చేసుకునేది చాలా పెద్దదనీ, ఆ రెండూ సమానమయ్యేది ఎనిమిదో తరగతి దగ్గరనీ ఆయన మాట. మా ఇంట్లో రుజువు కూడా చూశాను.

‘రైలుబడి’ అని జపాన్ పుస్తకానికి తెలుగు ఉంది. టెట్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసింది. టొటోచాన్ అనే పిల్ల ఒక్కచోట కూర్చోదని మొదటి బడి వాళ్లు పంపించేస్తారు. కొత్త బడిలో హెడ్మాస్టరు కొబయాషి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటల పాటు ఆమె చెప్పిందంతా వింటాడు. “మావాడు కూర్చోడు” అనే ప్రతి తల్లీ ముందు ఆ అధ్యాయం తనకోసం చదువుకోవాలి. ఆ పుస్తకంలో పోలియో వచ్చిన యాసుఅకి అనే స్నేహితుడున్నాడు. టొటోచాన్ అతన్ని నిచ్చెన వేసి చెట్టెక్కిస్తుంది. తర్వాత అతను చనిపోతాడు. ఆ అధ్యాయం చదివిన రాత్రి చిన్నోడు నిద్రపోయాడు. పెద్దోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకుని లైటు ఆర్పబోతుంటే అన్నాడు: “అమ్మా, తాత పోయిననాడు నాగ్గూడ ఏడుపొచ్చింది. అందరు నువ్వు మగపిల్లగానివి, నాయనమ్మను చూస్కోవాలె అన్నరు. అందుకే ఏడ్వలె.”

మా మామయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. అన్నాళ్లూ వాడు బడిలో కొట్లాడుతున్నాడని పిలిపించేవాళ్లు. కౌన్సెలింగ్ ఇప్పించమన్నారు, కరాటేలో చేర్పించమన్నారు. వాడి లోపలేముందో నేను నేరుగా ఎన్నిసార్లు అడిగినా “ఏం లే” అనేవాడు. అడిగితే రానిది, ఎక్కడో జపాన్‌లో ఒక పిల్లవాడు పోతే వచ్చింది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. కొట్లాటలు మర్నాడే మాయమయ్యాయని చెప్పను. ఆ తర్వాత వాడు కోపమొచ్చినప్పుడు “నాకు యాసుఅకి లెక్క అనిపిస్తున్నది” అనగలిగాడు. అన్నప్పుడల్లా పని ఆపి వెళ్లి వాడి పక్కన కూర్చుంటాను.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొడుకులకు మనం ఇచ్చే సలహాల్లో సగం “ఏడవకు, భయపడకు, గట్టిగుండు” అనేవే. అవి వాళ్ల నోరు మూస్తాయి. కథలోని మనిషి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్లు తమ గురించి మాట్లాడతారు. ఏ తల్లికైనా అంతకంటే కావాల్సిందేముంది?

నాన్నలకూ ఒక మాట. చదవడం అమ్మ పని, ఆడవాళ్ల పని అని కొడుకు అనుకున్నాడంటే ఆ లోటు మీరే తీర్చాలి. మా ఆయన డ్యూటీ లేని ఆదివారం పేపర్లో క్రికెట్ పేజీ పైకి చదువుతారు. చాలు, అదీ చదవడమే. మగపిల్లలకు చదివే మగవాళ్లు కనబడాలి. హోటల్లో సర్వరుగా పని చేసి, తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి గురించి చెప్పండి. సినిమా హీరో కథ కంటే తక్కువేం కాదది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కథ సమయంలో ఫోన్లన్నీ వేరే గదిలో ఉండాలి, మీది కూడా. పిల్లాడు ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ చదవమంటే విసుక్కోకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. పుట్టినరోజుకు ఒక పుస్తకం కొనండి. డబ్బుల్లేవనే మాట వద్దు. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చవగ్గా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. డబ్బు కట్టి కూడా గ్రంథాలయం గడప తొక్కకపోతే ఎవరిని అనాలి?

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ పెడతారు. పిల్లల్ని తీసుకెళ్లండి. చెరో నోటు చేతికిచ్చి, మీకు నచ్చింది కొనుక్కోండని వదిలేయండి. నీతి కథలు కొను, జీకే కొను అని వెంటపడొద్దు. వాడు దయ్యాల పుస్తకం తెచ్చుకున్నా, బస్సుల బొమ్మలున్నది తెచ్చుకున్నా, ఇంటికొచ్చాక ఆ రాత్రి దాన్నే చదవండి.